నింపకూడని పీపా

ఎలియాన్ బూవ్రె వంటకు ఒప్పుకుందంటే ఏ పళ్లెం పక్కన ఏ సీసా పెట్టాలో కూడా ఆమే చెబుతుంది. అది నచ్చనివాళ్ళు వేరే వంటమనిషిని వెతుక్కోవచ్చు. మోన్‌రవెల్‌లో వేరే వంటమనిషి లేదు.

పిల్లల జ్ఞానస్నానం విందులు, పెళ్ళిళ్ళు, చావు భోజనాలు, ద్రాక్ష కోతలు ముగిసిన రోజు పెట్టే పెద్ద భోజనం, అన్నీ ఏళ్ళ తరబడి ఆమె చేతి మీదుగానే జరిగాయి. పొగబెట్టిన సాసేజ్ ఉడికిన రోజున పల్చటి ఎర్ర వైన్, పూల్సార్ ద్రాక్షది, కాస్త చల్లగా ఉండాలి. కుందేలో అడవిపందో ఉంటే త్రూసో, అది చిక్కటి ఎర్ర వైన్. మీగడలో మోరిల్ పుట్టగొడుగులు వేసి వండిన కోడికి పసుపు వైన్, దాని వెనక ముదిరిన కోంతె చీజ్, అక్రోటు పప్పులు. ఒకసారి నోటరీ గారింటి విందులో ట్రౌట్ చేప బల్ల మీదకు రాగానే ఎవరో త్రూసో సీసాలు తెరిచారు. ఎలియాన్ వంటింట్లోంచి ఏప్రన్‌తోనే వచ్చి సీసాలన్నీ చంకలో పెట్టుకుంది.

"అమ్మా, నేనింకా తాగుతున్నాను," అన్నాడొక చుట్టం.

"తాగండి. చేప అయ్యాక."

ఆ మాట ఊళ్ళో చాలాకాలం తిరిగింది. పక్కింటి ఫిర్మాన్ అయితే ఆమె కనబడినప్పుడల్లా గ్లాసు చంకలో దాచుకున్నట్టు నటించేవాడు.

ఇదంతా ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. తండ్రి పీపాలు బాగుచేసేవాడు. కొండ అంచు కింద, బూడిదరంగు బంకమట్టిలో వాళ్ళకొక చిన్న సావన్యాన్ తోట ఉండేది. సావన్యాన్ తెల్లద్రాక్షే, కాని అన్నిటికంటే ఆఖర్న కోతకొస్తుంది. అప్పటికి ఆకులు రాలుతుంటాయి, కోసేవాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతుంటాయి. ఏడేళ్ళ వయసులో తాత ఆమెను మొదటిసారి అటక ఎక్కించాడు. "చేతులు జేబులో పెట్టుకో," అన్నాడు. "ఇక్కడ ముక్కుతోనే చూడాలి." ఆమె గౌనుకి జేబుల్లేవు. చేతులు వెనక్కి కట్టుకుని పీపా దగ్గర వంగింది. అక్రోటు వాసన, దాని వెనక తడి చెక్క వాసన, ఇంకా దేనిదో పేరు తెలియని వాసన వచ్చాయి.

వేరేచోట్ల పీపాలో గాలి చేరనివ్వరు. వైన్ ఎంత ఆవిరైతే అంత మళ్ళీ పోసి నింపుతారు. ఈ కొండల్లో మాత్రం సావన్యాన్ పీపాని నింపరు. వెలితి పెరుగుతుంటే వైన్ మీద ఈస్ట్ చేరి, పాల మీద మీగడలా బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొర గాలిని ఆపీ ఆపకుండా ఆపుతుంది. ఎండాకాలం వేడికీ చలికాలం గడ్డకట్టే గాలికీ కోసిన నాటి నుంచి ఆరేళ్ళు దాటేదాకా అటక మీద అలా వదిలేస్తే అది పసుపు వైన్ అవుతుంది. పొర చిరిగితే పుల్లబడి వెనిగర్ అయినా అవుతుంది. అందుకే ఎవరూ ముట్టుకోరు.

ఎలియాన్‌ని ఆన్‌సెల్మ్ బూవ్రె చేసుకున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఏటవాలు తోటలో ట్రాక్టర్ తిరగబడి పోయాడు. అప్పటికి కూతురు మోద్ బడికి వెళ్ళే పిల్ల. ఎలియాన్ తోటంతా కౌలుకిచ్చి, ఇంటి వెనక సావన్యాన్ వరసలు కొన్ని మాత్రం ఉంచుకుంది. ఎందుకని అడిగితే, "పిల్లకి పిల్ల పుడితే?" అంది.

బూవ్రె ఇంట్లో ఆనవాయితీ అది. బిడ్డ పుట్టిన ఏటి పంటతో ఒక పీపా అటక మీద పెడతారు. బిడ్డకి ఏడో ఏడు నడుస్తుండగా వైన్‌ని పొట్టి సీసాల్లోకి దింపుతారు. ఊరివాళ్ళని పిలిచి, మోరిల్‌తో కోడి వండి, మొదటి సీసా మూతి మీద వేసిన లక్క ఆ బిడ్డ చేతే విరగ్గొట్టిస్తారు. మోద్ విరగ్గొట్టినప్పుడు లక్కముక్క ఎగిరి ఫిర్మాన్ పులుసులో పడింది.

మోద్ పెద్దదై బడి బస్సు నడిపే పనిలో చేరింది. బస్సు చెడిపోయిన ఒక వానాకాలం పొలిన్యీ నుంచి బాగుచేయడానికి వచ్చినవాడు తిబో. అసలు ఊరు బోన్ దగ్గర. వాళ్ళ నాన్న అక్కడ పీపాల కొట్లో పనిచేసేవాడు. పీపాలో వేలెడు వెలితి కనబడితే కొడుకుల వీపు విమానం మోత మోగించేవాడు. తిబోకి పీపాల మీద విరక్తి పుట్టి ఇంజన్లవైపు వెళ్ళాడు. పెళ్ళయ్యాక ఎలియాన్ ఇంటి కింది భాగంలోనే ఉన్నారు.

వాళ్ళ కూతురు కొలోంబ్ పుట్టినప్పుడు బయట సావన్యాన్ కోత జరుగుతోంది. ఆ పంట వైన్ పులిసి తేరాక, మరుసటి వేసవిలో ఎలియాన్ పీపాలోకి పోయించి అటక మీద పెట్టింది. అదే కొలోంబ్ పీపా.

తిబోని తండ్రిగా చూడ్డం ఆమెకు కొత్త అనుభవం. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర చిన్న అద్దం పెట్టి ఆవిరి పడుతోందో లేదో చూసేవాడు. స్నానం నీళ్ళలో థర్మామీటర్ ముంచేవాడు. బాలింతకని ఎలియాన్ చెంచాడు గడ్డి వైన్, అంటే గడ్డి మీద ఎండబెట్టిన ద్రాక్షతో చేసిన తియ్యటి వైన్, తెస్తే తిబో గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"పాలిస్తోంది అత్తయ్యా!"

"నేను పాలిచ్చినప్పుడు నాకూ ఇచ్చారు. నీ పెళ్ళాం అలా పెరిగిందే."

"అందుకే నేను చెప్పిన మాట వినదా?"

మోద్ మంచం మీంచి, "ఇద్దరూ బయటికెళ్ళండి," అంది. చెంచా తీసుకుని బయటికెళ్ళిన ఎలియాన్ దాన్ని తనే నాకేసింది.

పిల్లకి రెండేళ్ళు దాటాక ఎలియాన్ మోకాలికి ఆపరేషన్ అయింది. మెట్లెక్కొద్దన్నారు. చలికాలమంతా సాలాన్‌లో చెల్లెలింట్లో ఉంది. చెర్రీ చెట్లు పూసే వేళకు ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే, మోద్ వద్దంటున్నా, నిచ్చెన ఒక్కో మెట్టూ పట్టుకుని అటక ఎక్కింది.

పైన వాసన లేదు.

కాసేపు ఊపిరి బిగబట్టి మళ్ళీ పీల్చింది. దుమ్ము, ఎండిన సబ్బు, తాడు మీద ఆరేసిన దుప్పటి. అంతే. పీపా దగ్గరికెళ్ళి వేలి కణుపుతో కింద నుంచి పైకి కొట్టుకుంటూ వచ్చింది. వెలితి ఉన్నచోట బోలుగా మోగాలి. పీపా నడినెత్తి దాకా ఒకే మొద్దు చప్పుడు.

దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగింది. వంటింట్లో తిబో ఉడికిన బంగాళదుంప మెదిపి, చెంచా తన పెదవికి ఆనించి వేడి చూస్తున్నాడు. పిల్ల నోరు తెరిచి ఎదురుచూస్తోంది.

"అటక మీదకి ఎవరెళ్ళారు?" అంది ఎలియాన్.

తిబో మొహం వెలిగింది. "చూశారా? మీరు కాస్త తేరుకున్నాక చెబుదామనుకున్నా."

"ఏం చెబుదామని?"

"దుప్పట్లు ఆరేద్దామని ఎక్కి, పనిలో పనిగా పీపా చూశాను అత్తయ్యా. అబ్బో, ఎంత వెలితి! పైన బూజులాంటిది కూడా పట్టేసింది. పాపం మీరేమో మోకాలితో ఎక్కలేకపోయారు, పిల్ల వైనేమో పాడైపోతోంది. గుండె ఆగినంత పనైంది నాకు."

"అయితే?"

"నింపేశాను. ఏదో చెత్త పోశాననుకోకండి. మంచి తెల్ల వైన్, షార్దొనె, మా నాన్న పంపింది. అంచు దాకా."

పొయ్యి దగ్గరున్న మోద్ గరిటె కింద పెట్టింది. "తిబో. అది కొలోంబ్ పీపా."

"తెలుసు. అందుకేగా నింపాను!"

"అది పసుపు వైన్ కోసం పెట్టింది. నింపకూడదు."

తిబో చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పిల్ల ఆ చేతిని లాక్కుని చెంచా నోట్లో పెట్టుకుంది. "పసుపు వైన్ పెద్ద కొట్లలో చేస్తారనుకున్నా," అన్నాడు చివరికి. "దుప్పట్లు ఆరేసే తాడు కింద చేస్తారని నాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అంది ఎలియాన్. "ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పే పని ఉండదు. నువ్విక్కడ పుట్టలేదని నాకే తట్టలేదు."

ఆ పూట ఆమె భోజనానికి కూర్చోలేదు. ఇంటి వెనక సావన్యాన్ వరసల మధ్య, మోకాలు నొప్పిపుట్టేదాకా తిరిగింది. మరో పీపా పెట్టొచ్చు. కాని అది వేరే ఏటి పంట అవుతుంది, కొలోంబ్ పుట్టిన ఏటిది కాదు. ఆ ఏడు పండిన సావన్యాన్ అంతా ఆ ఒక్క పీపాలోనే ఉంది.

సాయంత్రం తిబో వరసల చివర నిలబడి చెప్పాడు. తను ట్రాక్టర్లు బాగుచేసే ఒక తోటాయన దగ్గర అదే ఏటి వైన్, అదే మట్టిలో పండింది, పొర కింద ఉందట. కొన్ని సీసాలిస్తానన్నాడట. "విందునాడు అవి పెడదాం అత్తయ్యా. ఎవరికీ తెలీదు."

"బానే ఉంటుంది ఆయన వైన్. నేను తాగాను."

"మరి?"

"పిల్లకి ఏం చెప్పి లక్క విరగ్గొట్టిస్తావు?"

మర్నాడు తిబో ఆమె చెప్పినట్టు రబ్బరు గొట్టంతో పీపాలోంచి వైన్ తోడాడు, ముందున్న వెలితి మళ్ళీ వచ్చేదాకా. తోడినదాంట్లో పైకి తేలిన పొర ముక్కలు తడిసిన కాగితంలా ఉన్నాయి.

"దీన్నేం చెయ్యమంటారు?"

"వెనిగర్ కుండలో పొయ్యి. ఇక రోజూ పైకెళ్ళక్కర్లేదు, వారానికోసారి వెళ్ళి వాసన చూసిరా. చేతులు జేబులో పెట్టుకుని."

"మరి నిచ్చెన ఎలా పట్టుకోను?"

"ఎక్కేదాకా పట్టుకో. ఎక్కాక జేబులో."

చచ్చిన పొర మళ్ళీ కడుతుందో లేదో ఆమెకు తెలియదు. ఊళ్ళో ఎవరినీ అడగలేదు. అడగాలంటే జరిగింది చెప్పాలి. తిబో వారం వారం ఎక్కి దిగేవాడు. మొదట్లో దిగగానే గబగబా చెప్పేవాడు. చెమ్మ ఎక్కువుంది, ఎలుక తిరుగుతోంది, కిటికీ పగిలింది, బిరడా వదులైందేమో ఒక్కసారి నొక్కనా? ఆమె వద్దనేది. పీపాని వదిలేసి పక్కన ఊడిన ఇనప రేకుకి మేకులు కొట్టుకునేవాడు. వేసవి మధ్యలో ఒకరోజు దిగి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్రోటు వాసన వస్తోంది," అన్నాడు. "లేకపోతే నాకే అలా అనిపిస్తోందో."

కోతలయ్యాక ఎలియాన్ అటక ఎక్కి బిరడా తీసి టార్చి వేసింది. పొర ఉంది. పల్చగా, అక్కడక్కడా చిరిగి, మధ్యలో వైన్ నల్లటి మచ్చల్లా కనబడుతూ ఉంది. గాజు గొట్టంతో కాస్త తీసి చప్పరించింది. పసుపు వైన్ కాదు. షార్దొనె పొర కింద మగ్గితే వచ్చే మామూలు తెల్లదీ కాదు. అక్రోటు ముందు కొంచెం తగిలి, పూర్తిగా రాకముందే పోతోంది. దాని వెనక పచ్చి ఆపిల్ పులుపు. వెనిగర్ మాత్రం కాలేదు.

"ఎలా ఉంది?" అని అడిగాడు తిబో.

"ఉంది," అంది.

ఆ తర్వాతి ఏళ్ళలో ఎలియాన్ చేసిందల్లా దీనికి తిండి వెతకడమే. ఏడాదికి రెండుసార్లు గ్లాసెడు తీసి, ఒక్కో వంటతో తాగి చూసేది. మోరిల్ కోడితో పెడితే వైన్ కనబడకుండా పోయింది, పెద్దల మధ్య కూర్చోబెట్టిన పిల్లలా. ముదురు కోంతె దాన్ని ఒక్క ముక్కకి మింగేసింది. సాసేజ్ పొగ ముందు నీళ్ళయిపోయింది. మేకపాల చీజ్‌తో పులుపు మీద పులుపు. బంగాళదుంపల మీద చీజ్ కరిగించి పెడితే, బాగానే ఉంది కానీ చీజ్ బాగుందనిపించింది, వైన్ కాదు. తిబో ఎదురుగా కూర్చుని ఆమె మొహమే చూసేవాడు, పరీక్ష ఫలితాల బోర్డు చూసినట్టు.

"మీ కనుబొమ్మలు లేచాయి. మంచిదా చెడ్డదా?"

"ఉప్పు ఎక్కువైంది. నువ్వు వేశావా?"

పిల్లకి అయిదేళ్ళు నిండాక వచ్చిన వసంతంలో వాగులో ట్రౌట్ చేపలు పట్టడం మొదలైంది. మోద్ రెండు తెచ్చింది. ఎలియాన్ వాటిని వెన్నలో వేయించి, వెన్న ఎర్రబడ్డాక అక్రోటు పప్పు దంచి చల్లి, అలవాటుగా పీపా వైన్ గ్లాసు పక్కన పెట్టుకుంది. ఒక ముక్క తిని ఒక గుక్క తాగింది. మళ్ళీ తిని మళ్ళీ తాగింది. వైన్‌లో సగంలో ఆగిపోయే అక్రోటుని పెనంలో వేగిన పప్పు అందుకుని ముందుకు తీసుకెళుతోంది. ఆ పులుపు వెన్న జిడ్డుని కోసుకుంటూ పోతోంది. ఎలియాన్ చేప మొత్తం తినేసింది. తిబో గ్లాసూ తాగేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కాని తిబో ఆరోజు బయటికెళ్ళి ఒక్కడే ఈల వేసుకుంటూ కారు కడిగాడు.

ఏడో ఏటి విందు మార్చి చివర పెట్టారు. పొడవాటి బల్ల వంటింట్లోంచి గుమ్మం దాటి షెడ్డులోకి వెళ్ళింది. కొలోంబ్‌కి ముందు పన్ను ఊడి, మాట్లాడితే గాలి వస్తోంది. బోన్ నుంచి తిబో వాళ్ళ నాన్న వచ్చాడు. ఫిర్మాన్ మామూలుగా కూర్చునే బల్ల చివర చోటు ముందే పట్టుకున్నాడు.

సీసాలు వచ్చాయి. ఫిర్మాన్ మెడ చాచి చూశాడు. పసుపు వైన్ పొట్టి సీసాలో తప్ప మరి దేనిలోనూ పొయ్యరు. ఇవి మామూలు పొడుగు సీసాలు.

"ఎలియాన్, పొట్టి సీసాలేవి?"

"వీటికి కావు."

"కోడేది?"

"లేదు. చేప."

బూవ్రె ఇంట్లో ఏడో ఏటి విందుకి చేప పెట్టినవాళ్ళు లేరు. తిబో చేతులు బల్ల కిందకి పోయాయి. మోద్ తల్లివైపు చూసింది.

"కొలోంబ్ పీపా నింపేశాం," అంది ఎలియాన్, రొట్టె కోస్తూనే, మామూలు గొంతుతో. "అల్లుడు నింపాడు. పీపా వెలితిగా ఉంటే పాడవుతుందని వాళ్ళ ఊళ్ళో నేర్పారు. వద్దని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మళ్ళీ తోడాం. ఇది ఆ వైనే. పసుపు వైన్ కాదు."

తిబో వాళ్ళ నాన్న గొంతు సవరించుకున్నాడు. "అంచు దాకా నింపాడా?"

"అంచు దాకా," అన్నాడు తిబో.

"అలాగే నేర్పాను," అన్నాడు ముసలాయన. అది గర్వమో విచారమో ఎవరికీ తెలియలేదు.

కొలోంబ్ చాకు పిడితో లక్క మీద కొట్టింది. విరగలేదు. మళ్ళీ కొట్టింది. లక్క పెళుక్కున విరిగి కింద పడింది. ఎలియాన్ ఒక చుక్క ఆమె వేలికి అద్ది నాలుక మీద పెట్టించింది. పిల్ల మొహం ముడుచుకుని, "చెక్క నాకినట్టుంది," అంది, ఊడిన పంటి సందులోంచి ఈల వేస్తూ.

చేపలు వచ్చాయి. ఫిర్మాన్ ముందు గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు, వాసన చూశాడు, కొంచెం తాగి కింద పెట్టాడు. పెదవి విరిచాడు. తర్వాత చేప ముక్క తిన్నాడు. ఈసారి గ్లాసు సగం ఖాళీ చేశాడు.

"ముళ్ళెక్కువ," అన్నాడు చివరికి.

"చేపకి ముళ్ళుంటాయి ఫిర్మాన్."

"అదే. ఆలస్యమవుతోంది తినడానికి. అటున్న రెండోది కూడా ఇలా జరుపు. సీసా కూడా." పోస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఈ వైన్ పేరేంటి మరి?"

"పేరు లేదు."

"ఊరికి ఇంకో అల్లుడు వస్తే ఇంకో పీపా పోతుంది. పేరు పెట్టుకుంటే నయం." బల్లంతా నవ్వింది. తిబో అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. అతని చేతులు బల్ల మీదకి వచ్చాయి.

సాయంత్రానికి ఆ పొడుగు సీసాలన్నీ ఖాళీ అయ్యాయి. లేత కోంతె పెట్టారు, ఎండాకాలపు పాలతో చేసింది. అది కుదిరింది. ముదురుది ఎవరో అడిగారు. ఎలియాన్ తేలేదు.

ఆ ఏడు ఆకులు రాలే వేళకు మోద్‌కి కొడుకు పుట్టాడు, బాజిల్. సావన్యాన్ వరసల్లో కాపు తక్కువే, అయినా ఒక పీపాకి సరిపోయింది. మరుసటి వేసవిలో దాన్ని అటక మీద, అక్క పీపా ఉన్నచోటే పెట్టారు. ఎలియాన్ ఇప్పుడు మెట్లు అసలు ఎక్కదు. తిబో పిల్లాడి ఊపిరి చూసి, దుప్పటి సరిచేసి, కిటికీ గడియ చూసి, వారానికోసారి నిచ్చెన ఎక్కుతాడు. కింది నుంచి ఆమెకి అటక చెక్కల మీద అడుగుల చప్పుడు వినబడుతుంది. పీపా దగ్గర ఆగుతుంది. చాలాసేపు ఆగుతుంది. ఏమీ కదిపిన చప్పుడు రాదు.

దిగేటప్పుడు నిచ్చెన ఆఖరి మెట్టు దగ్గర కూడా అతని కుడిచెయ్యి ఇంకా జేబులోనే ఉంటుంది.